సముద్రం ఎక్కడికి పోయింది?

చుట్టూ ఇసుక. కనుచూపు మేర ఒక్క చుక్క నీరు లేదు. ఆ ఇసుకలో పెద్ద పెద్ద ఇనుప ఓడలు ఉన్నాయి. ఎండకు, వానకు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. ఎండ ఎక్కువైతే ఒంటెలు వాటి నీడకు చేరతాయి.

ఇసుకలోకి ఓడలు ఎలా వచ్చాయి? వాటిని ఎవరూ మోసుకు రాలేదు. ఓడలు ఉన్నచోటే ఉన్నాయి. నీళ్ళే వెళ్ళిపోయాయి.

ఒకప్పుడు అక్కడ ఒక సముద్రం ఉండేది. దాని పేరు ఆరల్ సముద్రం. అది ఎండిపోవడానికి కారణం కరువు కాదు. మనుషులు చేసిన పని. అందులో కొంత భాగం మళ్ళీ నిండింది. అది కూడా మనుషులు చేసిన పనే. ఆ రెండు పనుల సంగతీ తెలుసుకోవలసిందే.

ఆరల్ సముద్రం ఎక్కడ ఉంది?

మన దేశానికి వాయవ్యంగా, పెద్ద పెద్ద కొండలు దాటి వెళ్తే మధ్య ఆసియా వస్తుంది. అక్కడ కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ అనే దేశాలు పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండు దేశాల మధ్య ఉంది ఆరల్.

పేరుకు సముద్రం. నిజానికి చాలా పెద్ద చెరువు లాంటిది. చుట్టూ నేలే. నీళ్ళు బయటికి పోయే దారి లేదు. 1960లో దాని వైశాల్యం సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ. అప్పట్లో ప్రపంచంలోని పెద్ద సరస్సుల్లో అది నాలుగోది.

అక్కడ వానలు చాలా తక్కువ. మరి అంత నీరు ఎక్కడినుంచి వచ్చేది? రెండు నదులు తెచ్చి పోసేవి. ఒకటి అము దర్యా. రెండోది సిర్ దర్యా. ఈ నదులు మంచు కొండల్లో పుడతాయి. ఎండాకాలంలో మంచు కరుగుతుంది. ఆ నీరు వందల కిలోమీటర్లు ఎడారిలో పారి ఆరల్‌లో కలిసేది.

ఒకవైపు నదులు నీళ్ళు పోసేవి. ఇంకోవైపు ఎండకు నీళ్ళు ఆవిరయ్యేవి. వచ్చేదీ పోయేదీ సరిపోయేది. అందుకే సముద్రం నిండుగా ఉండేది. దాని ఒడ్డున వేలాది కుటుంబాలు చేపలు పట్టి బతికేవి. ఏడాదికి 40 వేల టన్నులకు పైగా చేపలు దొరికేవి. ఉత్తరాన ఆరల్స్క్, దక్షిణాన ముయ్‌నాక్ అనే రేవు ఊళ్ళు ఉండేవి. అక్కడ చేపలను శుభ్రం చేసి డబ్బాల్లో నింపే కర్మాగారాలు ఉండేవి. వాటిలో చాలామంది ఆడవాళ్ళు పని చేసేవాళ్ళు.

తెల్ల బంగారం

అప్పట్లో ఆ ప్రాంతమంతా సోవియట్ యూనియన్ అనే పెద్ద దేశంలో భాగం. ఏ ఊళ్ళో ఏ పంట వేయాలో, ఎంత పండించాలో ప్రభుత్వమే చెప్పేది. దేశానికి బట్ట కావాలి. బట్టకు పత్తి కావాలి. మధ్య ఆసియాలో ఎండ బాగా కాస్తుంది. నీళ్ళిస్తే చాలు, పత్తి బాగా పండుతుంది. అందుకని అక్కడ పత్తి పండించాలని ప్రభుత్వం నిర్ణయించింది. పత్తిని "తెల్ల బంగారం" అన్నారు.

పత్తికి నీళ్ళు చాలా కావాలి. కిలో పత్తి చేతికి రావాలంటే వేల లీటర్ల నీరు ఖర్చవుతుంది. ఆ నీళ్ళ కోసం నదుల నుంచి కాలవలు తవ్వారు. అన్నిటికంటే పెద్దది కారాకుం కాలవ. దాని తవ్వకం 1954లో మొదలైంది. పొడవు 1,300 కిలోమీటర్లకు పైనే. అము దర్యా నీటిని అది ఎడారి గుండా తుర్క్‌మెనిస్తాన్‌కు తీసుకుపోతుంది.

ఈ కాలవల్లో చాలావాటికి సిమెంటు పూత లేదు. మట్టి కాలవలు. దారిలోనే నీళ్ళు భూమిలోకి ఇంకిపోయేవి. ఎండకు ఆవిరైపోయేవి. నదిలోంచి తీసిన నీళ్ళలో చాలా భాగం పొలానికి చేరేది కాదు. చిల్లుకుండతో నీళ్ళు మోసినట్టు అయింది.

1960 నాటికి ఆ రెండు నదుల కింద సుమారు 45 లక్షల హెక్టార్లు సాగులో ఉండేవి. 1980 నాటికి సుమారు 70 లక్షల హెక్టార్లు అయ్యాయి. పొలం పెరిగింది. నది మాత్రం పెరగలేదు. చివరన ఉన్న సముద్రానికి నీళ్ళు తగ్గిపోయాయి. 1980లలో కొన్ని ఏళ్ళయితే దాదాపు నీళ్ళే చేరలేదు.

సముద్రం ఎండిపోతుందని ఎవరికీ తెలియదా? తెలుసు. చేపల కన్నా పత్తికే విలువ ఎక్కువ అని పైనున్నవాళ్ళు లెక్క కట్టారు. ఒడ్డున బతికేవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

నీళ్ళు తగ్గితే ఉప్పు పెరిగింది

గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? నీళ్ళు ఆవిరైపోతాయి. ఉప్పు గిన్నెలోనే ఉంటుంది. మిగిలిన నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పగా అవుతాయి. ఆరల్‌లోనూ అదే జరిగింది.

1960లో లీటరు నీటికి సుమారు 10 గ్రాముల ఉప్పు ఉండేది. తర్వాత తర్వాత అది మామూలు సముద్రపు నీటిని మించిపోయింది. ఆ ఉప్పుకు చేపలు తట్టుకోలేక చచ్చిపోయాయి. 1980ల మొదట్లోనే చేపల వేట ఆగిపోయింది. కొన్నాళ్ళు దూరపు సముద్రాల నుంచి రైళ్ళలో చేపలు తెప్పించి ఫ్యాక్టరీలు నడిపారు. అది ఎంతకాలం సాగుతుంది?

ఒడ్డు రోజురోజుకూ దూరం జరిగింది. మొదట్లో జాలర్లు నీళ్ళ వెంట కాలవలు తవ్వి పడవలు నడిపారు. తవ్విన కొద్దీ నీళ్ళు వెనక్కి పోయాయి. చివరికి ఓడలను వదిలేశారు. ఇప్పుడు ముయ్‌నాక్ నుంచి నీళ్ళు కనిపించాలంటే వంద కిలోమీటర్లకు పైగా పోవాలి.

1980ల చివరికి సముద్రం రెండు ముక్కలైంది. ఉత్తరాన చిన్న ముక్క. దక్షిణాన పెద్ద ముక్క. 2007 నాటికి పాత సముద్రంలో పదో వంతు మాత్రమే మిగిలింది. 2014లో దక్షిణపు ముక్కలో తూర్పు భాగం పూర్తిగా ఎండిపోయింది.

ఆడవాళ్ళ మీద పడిన బరువు

సముద్రం ఎండినచోట కొత్త ఎడారి పుట్టింది. దాన్ని ఆరల్‌కుం అంటారు. ఆ నేల మీద ఉప్పు పేరుకుంది. ఉప్పుతో పాటు పురుగుమందులు కూడా ఉన్నాయి. పత్తికి విపరీతంగా మందులు కొట్టారు. కోతకు ముందు ఆకులు రాలడానికి కూడా మందు కొట్టారు. పొలాల్లోంచి కారిన నీళ్ళతో ఆ మందులు నదిలోకి, నది నుంచి సముద్రంలోకి చేరాయి. నీళ్ళు పోయాయి. మందు నేలలో ఉండిపోయింది.

గాలి వీస్తే ఆ ఉప్పు, ఆ మందు దుమ్మై లేస్తాయి. ఊళ్ళ మీద పడతాయి. పంట మీద పడతాయి. ఆ గాలే పిల్లలు పీల్చాలి. తాగే నీళ్ళు కూడా ఉప్పగా మారాయి.

దక్షిణ ఒడ్డున కరకల్పాక్‌స్తాన్ అనే ప్రాంతం ఉంది. అది ఉజ్బెకిస్తాన్‌లో భాగం. అక్కడ దగ్గు, ఆయాసం పెరిగాయి. ఆడవాళ్ళలో, ముఖ్యంగా గర్భిణీ స్త్రీలలో, రక్తహీనత చాలా ఎక్కువగా కనిపించింది. కజకిస్తాన్‌లో పత్తి పండే చోట్ల తల్లిపాలను పరీక్ష చేస్తే పాలలో కూడా పురుగుమందుల జాడ దొరికింది.

సముద్రాన్ని ఎండగట్టమని ఆ తల్లులు చెప్పలేదు. పత్తి లాభం వాళ్ళ ఇంటికి రాలేదు. నష్టం మాత్రం నేరుగా వాళ్ళ ఒంట్లోకి వచ్చింది. నీళ్ళు పాడైతే మొదటి దెబ్బ నీళ్ళు మోసే ఆడవాళ్ళకే తగులుతుంది.

ఒక్క దేశం అనేక దేశాలైంది

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. మధ్య ఆసియాలో ఐదు కొత్త దేశాలు వచ్చాయి. అవి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్.

ఇలాంటి దేశాలను "మారుతున్న దేశాలు" అనేవారు. ఏం మారుతోంది? అంతకు ముందు పొలం, ఫ్యాక్టరీ, దుకాణం అన్నీ ప్రభుత్వానివే. ఇప్పుడు మార్కెట్ వచ్చింది. సొంత వ్యాపారాలు వచ్చాయి. పాత పద్ధతి పోయింది. కొత్త పద్ధతి ఇంకా కుదురుకోలేదు. పాత జీతాలు ఆగిపోయాయి. కాలవలు బాగుచేసేవాళ్ళు లేరు. పంపులు చెడిపోయినా పట్టించుకున్నవాళ్ళు లేరు.

అన్నిటికంటే పెద్ద చిక్కు నీళ్ళతో వచ్చింది. దేశాలు విడిపోయాయి. నదులు విడిపోవు గదా! ఒక దేశంలో పుట్టిన నది ఇంకో దేశంలో పారుతుంది. మూడో దేశంలో సముద్రంలో కలుస్తుంది. ఎవరి వాటా ఎంత? ఎవరు చెప్పాలి?

"ఊరుమ్మడి బర్రె పుచ్చి చచ్చింది" అంటారు. అందరిదీ అంటే ఎవరూ పట్టించుకోరని అర్థం. ఆరల్ గతి అలా కాకూడదని ఐదు దేశాలూ కలిసి కూర్చున్నాయి. 1992 ఫిబ్రవరిలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక నీటి కమిటీని పెట్టుకున్నాయి. ఏ దేశం ఎంత నీరు తీసుకోవాలో ఆ కమిటీ ప్రతి సాగు కాలానికీ నిర్ణయిస్తుంది. 1993లో ఆరల్ సముద్రాన్ని కాపాడడానికి ఒక ఉమ్మడి నిధిని కూడా ఏర్పాటు చేశాయి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, కొన్ని ఇతర దేశాలు సాయానికి వచ్చాయి.

ఎండాకాలం నీళ్ళా? చలికాలం కరెంటా?

ఒప్పందం రాసుకోవడం తేలిక. నడపడం కష్టం. ఎందుకో చూడండి.

సిర్ దర్యాలోకి నీళ్ళు తెచ్చే పెద్ద ఉపనది కిర్గిజ్‌స్తాన్ కొండల్లోంచి వస్తుంది. దాని మీద టోక్టోగుల్ అనే పెద్ద డ్యాము ఉంది. కింద ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ పొలాలు ఉన్నాయి. డ్యాము ఒకరిది. పొలాలు ఇంకొకరివి.

పూర్వం ఏర్పాటు ఇలా ఉండేది. చలికాలమంతా డ్యాములో నీళ్ళు నిలవ చేసేవారు. ఎండాకాలంలో పత్తికి వదిలేవారు. దానికి బదులుగా కింది ప్రాంతాల నుంచి కిర్గిజ్‌స్తాన్‌కు చలికాలంలో బొగ్గు, గ్యాసు వచ్చేవి. నీళ్ళు పైనుంచి కిందికి. బొగ్గు కిందినుంచి పైకి. ఇచ్చిపుచ్చుకోవడం బాగానే సాగేది.

1991 తర్వాత బొగ్గు, గ్యాసు ఊరికే రాలేదు. డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. కిర్గిజ్‌స్తాన్ పేద దేశం. అక్కడ చలి భయంకరంగా ఉంటుంది. ఇల్లు వెచ్చగా లేకపోతే పసిపిల్లలు బతకరు. కిర్గిజ్‌స్తాన్ ఏం చేసింది? చలికాలంలోనే డ్యాము నీళ్ళు వదిలి కరెంటు తయారుచేసుకుంది.

అప్పుడు కింద ఏమైంది? చలికాలంలో అక్కరలేని నీళ్ళు వచ్చి పొలాలు మునిగాయి. ఎండాకాలంలో పంటకు నీళ్ళు చాలలేదు.

ఇందులో తప్పెవరిది? పైవాళ్ళకు చలి నిజం. కిందివాళ్ళకు పంట నిజం. ఇద్దరి అవసరమూ న్యాయమే. 1998లో కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మళ్ళీ ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత తజికిస్తాన్ కూడా చేరింది. నీళ్ళు దాచి ఇచ్చినందుకు పైవాళ్ళకు కరెంటు, బొగ్గు రూపంలో బదులు ఇవ్వాలని రాసుకున్నారు. కాగితం మీద మంచి ఏర్పాటే. కాని ఒక ఏడాది ఒకరు మాట తప్పారు. మరో ఏడాది ఇంకొకరు తప్పారు. నమ్మకం లేనిచోట ఒప్పందం నిలవదు.

ఇసుక కట్ట, గట్టి కట్ట

పెద్ద దేశాల మాటలు అలా సాగుతుండగా ఆరల్స్క్ వైపు జనం ఊరుకోలేదు. వాళ్ళు ఒక సంగతి గమనించారు. సిర్ దర్యా నీళ్ళు ఇంకా కొద్దికొద్దిగా ఉత్తరపు ముక్కలోకి వస్తున్నాయి. కాని అక్కడ నిలవడం లేదు. ఒక సన్నని దారి గుండా దక్షిణానికి పోయి ఎడారిలో ఆవిరవుతున్నాయి. ఆ దారికి అడ్డం కట్ట వేస్తే?

1992లో అక్కడివాళ్ళు ఇసుకతో కట్ట వేశారు. నీళ్ళు పెరిగాయి. కట్ట తెగింది. మళ్ళీ వేశారు. మళ్ళీ తెగింది. 1999 ఏప్రిల్‌లో పెద్ద తుఫాను గాలికి కట్ట మొత్తం కొట్టుకుపోయింది.

అయినా ఆ కష్టం వృథా కాలేదు. కట్ట ఉన్న కొద్దికాలంలోనే నీళ్ళు పెరిగాయి. ఉప్పు తగ్గింది. "కట్ట గట్టిగా ఉంటే సముద్రం బతుకుతుంది" అని రుజువైంది. ఆ రుజువు చూసే తర్వాత డబ్బు వచ్చింది.

కజకిస్తాన్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి పథకం వేశాయి. ఖర్చు సుమారు 8 కోట్ల 60 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం బ్యాంకు ఇచ్చిన అప్పు. మిగతాది కజకిస్తాన్ పెట్టుకుంది. ఆ డబ్బుతో రెండు పనులు చేశారు. ఒకటి, సిర్ దర్యా మీద పాత తూములను, గట్లను బాగుచేశారు. దాంతో నదిలో ఎక్కువ నీళ్ళు చివరిదాకా రాగలిగాయి. రెండు, సుమారు 13 కిలోమీటర్ల పొడవున గట్టి కట్ట వేశారు. దాని పేరు కోక్-అరాల్ కట్ట. ఎక్కువైన నీటిని వదలడానికి దానికి తలుపులు కూడా పెట్టారు.

2005 ఆగస్టులో కట్ట పూర్తయింది. సముద్రం అనుకున్న మట్టానికి చేరడానికి ఏళ్ళు పడుతుందనుకున్నారు. 2006 వసంతానికే చేరింది! ఏడెనిమిది నెలలే పట్టింది. ఉత్తర సముద్రం సుమారు 3,300 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ఆరల్స్క్ ఊరి వైపు నీళ్ళు పదుల కిలోమీటర్లు దగ్గరికి వచ్చాయి.

చేపలు తిరిగి వచ్చాయి

కట్ట కట్టక ముందే ఒక మంచి పని జరిగింది. ఉప్పు పెరిగిన కాలంలో ఉత్తరపు నీళ్ళలో ఒకే రకం పెద్ద చేప బతికింది. దాన్ని అక్కడ కంబాలా అంటారు. పళ్ళెంలా చదునుగా ఉంటుంది. వేరే సముద్రం నుంచి తెచ్చి వదిలిన చేప అది. దాన్ని పట్టడం అక్కడి జాలర్లకు అలవాటు లేదు. తినడం కూడా అలవాటు లేదు.

డెన్మార్క్ అనే దేశంలో జాలర్లు ఇలాంటి చేపనే పడతారు. 1990ల మధ్యలో వాళ్ళు ఆరల్ దాకా వచ్చారు. వలలు తెచ్చారు. పట్టే పద్ధతి నేర్పారు. జాలరికి జాలరి గురువయ్యాడు. సముద్రం మీద ఆశ వదులుకున్నవాళ్ళు మళ్ళీ పడవ ఎక్కారు. సాయమంటే ఎప్పుడూ కోట్ల డబ్బే కానక్కరలేదు. తెలిసిన పనిని తెలియనివాళ్ళకు చూపించడం కూడా సాయమే.

కట్ట పూర్తయ్యాక ఉప్పు తగ్గింది. నదిలో దాక్కుని బతికిన మంచినీటి చేపలు మళ్ళీ సముద్రంలోకి వచ్చాయి. 2006లో సుమారు 1,360 టన్నుల చేపలు దొరికాయి. 2016లో సుమారు 7,100 టన్నులు దొరికాయి. ఆరల్స్క్‌లో చేపల కర్మాగారాలు తెరుచుకున్నాయి. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు.

పాత రోజుల 40 వేల టన్నులతో పోలిస్తే ఇది తక్కువే. కాని సున్నా నుంచి 7 వేలు అంటే చిన్న సంగతి కాదు.

దక్షిణాన చెట్లే దిక్కు

ఈ కట్టకు ఇంకో ముఖం కూడా ఉంది. ఉత్తరాన నీళ్ళు ఆగితే దక్షిణానికి తగ్గుతాయి. ఉజ్బెకిస్తాన్ వైపు సముద్రం తిరిగి రాలేదు. ఆ సముద్రాన్ని నింపాలంటే అము దర్యా కింద సాగును చాలావరకు ఆపవలసి వస్తుంది. కోట్లమంది ఆ సాగు మీద బతుకుతున్నారు. అందుకే అక్కడ వేరే దారి ఎంచుకున్నారు.

ఎండిన నేలలో సాక్సావుల్ అనే మొక్క నాటుతున్నారు. అది ఎడారి చెట్టు. ఉప్పునేలలో బతుకుతుంది. వేళ్ళు లోతుగా పోతాయి. ఇసుకను పట్టి ఉంచుతుంది. గాలి జోరు తగ్గిస్తుంది. దుమ్ము లేవదు. 2018 చివరి నుంచి లక్షల హెక్టార్లలో ఈ విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. అన్నీ బతకవు. బతికిన ప్రతి చెట్టూ కొంత దుమ్మును ఆపుతుంది.

2018 నవంబరులోనే ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఆరల్ ప్రాంత ప్రజల కోసం ఒక నిధి మొదలైంది. మంచినీళ్ళు, వైద్యం, ఉపాధి వంటి పనులకు అది సాయం చేస్తుంది. పలు దేశాలు దానికి డబ్బు ఇచ్చాయి.

పత్తి చేలో మార్పు

సముద్రం చివరన ఉంది. రోగం పొలంలో ఉంది. పొలంలో నీళ్ళు పొదుపు చేయకపోతే కట్టలు, చెట్లు ఎంతకాలం ఆదుకుంటాయి?

అక్కడ పొలాల్లో ఒక విష వలయం ఉంది. మితిమీరి నీళ్ళు పెడతారు. మురుగు పోయే దారి ఉండదు. భూమి లోపలి నీళ్ళు పైకి వస్తాయి. వాటితో పాటు ఉప్పు పైకి వస్తుంది. నేల తెల్లగా చౌడు బారుతుంది. ఆ ఉప్పు కడగడానికి చలికాలంలో మళ్ళీ పొలం నిండా నీళ్ళు పెడతారు. నీళ్ళ వల్ల వచ్చిన జబ్బుకు నీళ్ళే మందు!

దీన్ని తెంచడానికి కొత్త పద్ధతులు వస్తున్నాయి. మురుగు కాలవలు బాగుచేస్తున్నారు. కాలవలకు సిమెంటు పూస్తున్నారు. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళిచ్చే డ్రిప్ పద్ధతికి ఉజ్బెకిస్తాన్ ప్రభుత్వం సాయం ఇస్తోంది. ఇంత పత్తి పండించి తీరాలనే పాత ఆజ్ఞను 2020లో ఎత్తేసింది.

పత్తి తీతలోనూ పెద్ద మార్పు వచ్చింది. చాలా ఏళ్ళపాటు ఉజ్బెకిస్తాన్‌లో పత్తి తీయడానికి జనాన్ని బలవంతంగా తోలేవారు. బడి పిల్లలు, టీచర్లు, నర్సులు అందరూ చేలోకి పోవలసిందే. తీసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. దీని మీద ఆ దేశంలోని కొందరు ధైర్యంగా సాక్ష్యం చెప్పారు. బయటి దేశాల్లో బట్టలు అమ్మే కంపెనీలు ఎన్నో ఆ పత్తి కొనబోమన్నాయి. 2015 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ చేలల్లో తనిఖీ చేసింది. కూలి రేట్లు పెరిగాయి. 2021 పంటలో ప్రభుత్వం తరఫున జరిగే బలవంతపు పని ఆగిందని ఆ సంస్థ తేల్చింది. 2022 మార్చిలో కొనుగోలు నిషేధం ఎత్తేశారు.

నీటి సంఘాలు కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం చేసి సాగునీటి సంఘాలు పెట్టారు. ఇంచుమించు అదే కాలంలో కిర్గిజ్‌స్తాన్‌లో కూడా అలాంటి సంఘాలు మొదలయ్యాయి. కాలవ కింది రైతులు కలిసి నీళ్ళు పంచుకుంటారు. కాలవ బాగుచేసుకుంటారు. తజికిస్తాన్‌లో చాలామంది మగవాళ్ళు పని కోసం రష్యాకు వలస పోతారు. పొలం ఆడవాళ్ళే చూస్తారు. నీళ్ళు పెట్టేది వాళ్ళే. కాని పొలం కాగితం మగవాళ్ళ పేరున ఉంటే సంఘంలో ఆడవాళ్ళకు మాట ఉండదు. పార పట్టిన చేతికి ఓటు లేకపోతే ఆ సంఘం సగం సంఘమే.

ఇంకా తెగని చిక్కులు

మంచు కొండలు కరుగుతున్నాయి. భూమి వేడెక్కడం వల్ల ప్రతి ఏడూ మంచు తగ్గుతోంది. ముందుముందు నదుల్లో నీళ్ళు తగ్గుతాయని భయం.

అము దర్యా పక్కనే అఫ్ఘనిస్తాన్ కూడా ఉంది. 2022లో అక్కడ కోష్ తెపా అనే పెద్ద కాలవ తవ్వడం మొదలుపెట్టారు. దాని పొడవు 285 కిలోమీటర్లు. అఫ్ఘన్ రైతులకూ నీళ్ళు కావాలి. కాని 1992 ఒప్పందంలో ఆ దేశం లేదు. ఆ కాలవ నిండా పారితే కింది దేశాలకు వాటా తగ్గుతుంది. వాళ్ళను కూడా పిలిచి మాట్లాడుకోక తప్పదు.

మంచి కబురు కూడా ఉంది. 2023 జనవరిలో కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ ఒక మాట మీదికి వచ్చాయి. కిర్గిజ్‌స్తాన్‌లో కంబరాత అనే కొత్త డ్యామును ముగ్గురూ కలిసి కట్టాలని కార్యక్రమం రాసుకున్నాయి. పైవాళ్ళకు కరెంటు, కిందివాళ్ళకు నీళ్ళు దక్కాలన్నది ఆలోచన. ఒకప్పుడు డ్యాము గురించి పోట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు డ్యాము కలిసి కడదామంటున్నారు.

ఆరల్ చెప్పే మాట

సముద్రం ఎండడానికి సుమారు 40 ఏళ్ళు పట్టింది. ఒక మూల నిండడానికి కొన్ని నెలలే పట్టింది. కాని ఆ కొన్ని నెలల కోసం పదమూడేళ్ళు కట్టలు కట్టారు, తెగితే మళ్ళీ కట్టారు. అప్పు తెచ్చారు. పొరుగు దేశాలతో మాట్లాడారు. పరదేశీయుల దగ్గర పని నేర్చుకున్నారు.

నీళ్ళకు సరిహద్దులు తెలియవు. పైనున్నవాళ్ళు కిందివాళ్ళను మరిస్తే కింద ఇసుక మిగులుతుంది. చెరువు అయినా అంతే. నది అయినా అంతే. సముద్రమైనా అంతే.

కొత్త మాటలు

వైశాల్యం: ఒక చోటు ఎంత మేర పరచుకుని ఉందో చెప్పే కొలత.
ఉపనది: పెద్ద నదిలో కలిసే చిన్న నది.
రక్తహీనత: ఒంట్లో రక్తం బలం తగ్గడం. నీరసం, ఆయాసం వస్తాయి.
చౌడు: ఉప్పు పైకి తేలి పంటకు పనికిరాని నేల.
ఒప్పందం: ఇద్దరు లేక ఎక్కువమంది కలిసి రాసుకున్న మాట.
వాటా: పంచుకున్నప్పుడు ఒక్కొక్కరికి వచ్చే భాగం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఆరల్ సముద్రం ఎందుకు ఎండిపోయింది? కరువు వల్లా? మనుషుల వల్లా?
2. కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో నీళ్ళు వదలడం తప్పా? మీరు పంచాయితీ చెప్పవలసి వస్తే ఏం చెబుతారు?
3. ఇసుక కట్ట తెగిపోయినా ఆ కష్టం వృథా కాలేదు. ఎందుకు?
4. మీ ఊరి చెరువుకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఆ వాగుకు ఎవరైనా అడ్డం వేశారా?
5. మీ ఊరి నీటి సంఘంలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఎందుకని?